కొండ ఇసుకయ్యే దారి

ఆంధ్ర తీరం చాలా మటుకు పల్లం. గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు మీద కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, మడ అడవులు దాటుకుంటూ పోతే నేల ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియదు. విశాఖపట్నం దగ్గరికి వచ్చేసరికి ఆ తీరు మారిపోతుంది. తూర్పు కనుమలు ఇక్కడ నేరుగా నీళ్ల దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, బావికొండ, భీమిలి పావురాలకొండ. ఈ వరసకీ సముద్రానికీ మధ్య మిగిలిన సన్నటి జాగాలోంచే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పోతుంది. ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో. కారులో గంట కూడా పట్టదు. అంత తొందరగా వెళ్లకూడని దారి అని నా నమ్మకం.

ఎందుకంటే ఈ దారి పొడవునా ఒక పని జరుగుతూ ఉంటుంది. కొండ అరిగి ఇసుక అవుతుంది. ఆ ఇసుకని సముద్రం అటూ ఇటూ మోస్తుంది. గాలి దాన్ని మళ్లీ ఒడ్డుకి ఎత్తి కుప్ప పోస్తుంది. ఈ మూడు దశలూ ఒకే పూటలో, ఒకే రోడ్డు మీద, కళ్లెదుట కనిపించే చోట్లు మన దేశంలో ఎన్నో ఉండవు.

ఆర్కే బీచ్ గురించి ఎక్కువ చెప్పను. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామి ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉంది. ఎదురుగా టీయూ-142 విమానం. పిల్లలకి చూపించవలసినవే. నేను మాత్రం అక్కడికి వెళ్లినప్పుడల్లా ముందు ఇసుక ఎంత ఉందో చూస్తాను. ఒక్కో ఏడు ఒడ్డు వెడల్పుగా ఉంటుంది, ఒక్కో ఏడు అలలు గోడ దాకా వచ్చేస్తాయి. మన తీరంలో అలలు ఇసుకని ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. అలా వచ్చే ఇసుకకి ఔటర్ హార్బర్ రాతికట్టలు అడ్డం పడ్డాయి. అందుకే పోర్టు దగ్గర పూడిక తీసిన ఇసుకని గొట్టాలతో తెచ్చి ఈ ఒడ్డున పోస్తూ ఉంటారు. సాయంత్రాలు మొక్కజొన్న కండె తింటూ మనం కూర్చునే ఇసుకలో కొంత అలా మనుషులు మోసుకొచ్చినదే.

కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దాటాక రోడ్డు కొండని తొలుచుకుని పోతుంది. అక్కడ బండి పక్కన పెట్టి, రోడ్డు కోసం కోసిన రాతిని దగ్గరగా చూడాలి. పైపైన తుప్పు రంగు, తెల్లటి మచ్చలు, చేత్తో గీస్తే కొన్నిచోట్ల పొడిగా రాలుతుంది. దీన్ని ఖొండలైట్ అంటారు. ఒడిశా, ఆంధ్ర కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ గురై, రూపం మారి, కోట్ల ఏళ్ల తర్వాత పైకి వచ్చిన రాయి. ఎండ పడే వేళ కాస్త వంగి చూస్తే అందులో ఎర్రటి గింజలు కనిపిస్తాయి. ఆవగింజ నుంచి శనగబద్ద దాకా ఉంటాయి, కొన్నిటికి పగుళ్లు, కొన్నిటి చుట్టూ తుప్పు మరక. అవి గార్నెట్లు. గోళ్లతో పెకలిస్తే రావు. వానే వాటిని ఏళ్ల తరబడి వదులు చేసి కిందికి దింపుతుంది. ఆ ఎర్ర గింజని గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మళ్లీ కనిపిస్తుంది.

ఇక్కడ సముద్రం అందంగానే ఉంటుంది, నమ్మదగింది మాత్రం కాదు. 2020 అక్టోబరులో వాయుగుండం సమయాన లంగరు తెగిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి తెన్నేటి పార్కు రాళ్ల మీదికి కొట్టుకొచ్చి ఆగిపోయింది. అంత ఓడనే ఎత్తి పడేసిన నీళ్లు ఇవి. ఒడ్డు దిగిన కొద్ది దూరంలోనే లోతు పెరుగుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరి ఇంటి పిల్లలు ఈ తీరంలో పోతూనే ఉన్నారు. ఆ వార్త చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. మోకాలి లోతు దాటొద్దని లైఫ్‌గార్డులు ఈల వేస్తే కోపగించుకోకండి.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఋషికొండ. ఈ ఒడ్డుకి చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఆడ తాబేలు పైకి పాక్కుంటూ వచ్చి, వెనక కాళ్లతో గుంట తవ్వి, నూరూ నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. కుక్కలూ నక్కలూ తినెయ్యకుండా అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లని ఏరి, కంచె కట్టిన చోట పాతిపెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. పిల్ల తాబేలు వెలుతురున్న వైపు నడుస్తుంది. ఒకప్పుడు రాత్రిళ్లు ఈ ఒడ్డున వెలుతురున్న వైపు అంటే సముద్రం వైపే. ఇప్పుడు రోడ్డు దీపాలూ హోటళ్ల దీపాలూ దాన్ని మించిపోయాయి, పిల్లలు దారి తప్పి రోడ్డెక్కుతాయి. ఆ నెలల్లో ఒడ్డు వైపు దీపాలు తగ్గించడం పెద్ద ఖర్చయిన పని కాదు. ఎందుకు చెయ్యరో నాకు అర్థం కాదు.

తొట్లకొండ ఎక్కితే ఈ తీరమంతా ఒక్క చూపులో వస్తుంది. 1976లో నౌకాదళం ఈ ప్రాంతంలో సర్వే చేస్తున్నప్పుడు శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి కొన్నేళ్లు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వి చూస్తే స్తూపాలు, చైత్యాలు, విహారాల గదులు, భోజనశాల పునాదులు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే కింద రేవుకి ఎంత దూరం నుంచి సరుకు వచ్చేదో ఊహించుకోవచ్చు. కొండ మీద ఊట లేదు. అందుకని భిక్షువులు రాతిని తొలిచి తొట్లు చేసుకుని వాననీళ్లు నింపుకున్నారు. ఆ తొట్ల అంచున కూర్చుంటే ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తాయి. వానాకాలం వెళ్లినవాళ్లకి నీళ్లు నిండి కనిపిస్తాయి. అన్నేళ్ల నాటి పనితనం ఇంకా తన పని తాను చేస్తూ ఉండడం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

కొండ దిగి కొద్ది దూరం పోతే మంగమారిపేట. నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఒడ్డున రాతి తోరణం ఒకటి పూర్తిగా బయటపడుతుంది. మెత్తటి భాగాన్ని అలలు తినేసి, గట్టి భాగాన్ని వదిలేస్తే మిగిలిన ఆకారం అది. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతారు. పక్కనే ఊరి వాళ్లు చేపలు ఎండబెడుతూ ఉంటారు. నేను వాళ్ల దగ్గర ఆగుతాను. నెత్తళ్లు, కవళ్లు, సావళ్లు. ఒక పెద్దావిడ పాత వలలు పరిచి వాటి మీద నెత్తళ్లు పల్చగా జల్లుతోంది. ఇసుక మీదే ఎందుకు ఆరబెట్టరని అడిగాను. "ఇసక అంటుకుంటే ఎవులు కొంటారు బాబూ" అంది, చెయ్యి ఆపకుండానే. ఎండ బాగుంది కదా, సాయంత్రానికి ఎండిపోతాయా అంటే, "ఎండొక్కటీ సాలదు, గాలుండాల" అని సముద్రం వైపు చూసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడానికి ఇలా ఎండబెట్టి దాచుకున్నదే కొంత ఆసరా.

ఇక్కడి నుంచి భీమిలి వైపు ఎక్కడైనా సరే, రోడ్డు దిగి తడి ఇసుక దాకా నడవండి. అల వెనక్కి వెళ్లిన చోట ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచున వంగపండు రంగు కలిసిన ఎర్ర చారలు కనిపిస్తాయి. మురికి అనుకునేవారు, నూనె తేలిందనుకునేవారు ఉన్నారు. నల్లది ఇల్మెనైట్. ఎర్రది గార్నెట్, కైలాసగిరి రాతిలో చూసిన గింజే. నలిగి, నునుపై, సన్నటి రేణువులై ఇక్కడికి చేరింది. మామూలు ఇసుక కంటే బరువు కాబట్టి అల తేలిక రేణువుల్ని వెనక్కి లాక్కెళ్లి దీన్ని వదిలేస్తుంది. చిటికెడు తడి ఇసుక అరచేతిలో పరుచుకుని ఎండకి పెడితే ఒక్కొక్క రేణువూ విడిగా మెరుస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఒక అయస్కాంతం వెంట ఉంచుకోండి. నల్ల రేణువుల్లో కొన్ని దానికి అతుక్కుంటాయి. వాళ్లకి ఆ సాయంత్రం చాలా రోజులు గుర్తుంటుంది.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

బయట నుంచి చూస్తే జీడిమామిడి చెట్లూ తుప్పలూ ఉన్న మామూలు మెరక. గెడ్డలోకి, అంటే వాగులోకి, దిగి నాలుగడుగులు వేశాక రెండు పక్కలా ఎర్రటి గోడలు లేస్తాయి. నిలువుగా, చాళ్లు చాళ్లుగా, మలుపు తిరిగినకొద్దీ ఇంకా ఎత్తు. సముద్రం అంత దగ్గరలో ఉన్నా దాని చప్పుడు వినిపించదు. కాళ్ల కింద పలుచగా నీటి ఊట ఉంటుంది. దిబ్బల మీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగు నుంచి మెల్లగా గెడ్డలోకి దిగుతుంది.

సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట ధ్రువాల దగ్గర నీళ్లు మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. మన తీరరేఖ చాలా దూరం సముద్రం వైపుకి జరిగింది. బయటపడ్డ సముద్రపు అడుగు ఇసుకని గాలి ఎత్తి తెచ్చి ఈ మెరకల మీద పోసింది. అప్పుడది ఎర్రగా లేదు. అందులో ఉన్న గార్నెట్, ఇల్మెనైట్ లాంటి ఇనుము గల ఖనిజాలు వానకీ ఎండకీ మెల్లగా శిథిలమై, ఆ ఇనుము తుప్పు పట్టి ప్రతి ఇసుక రేణువు చుట్టూ పల్చని పూతగా పట్టింది. ఎరుపు ఆ పూతదే. రేణువుల్ని పట్టి ఉంచుతున్నదీ చాలావరకు అదే. అందుకే వాన కోసినా గోడ నిలువుగా నిలబడగలుగుతోంది. పైపొరలో ఇసుక ఇంకా లేత పసుపుగానే ఉంటుంది, అది తర్వాత వచ్చి చేరినది. ఇంత విస్తారంగా ఇలాంటి ఎర్ర ఇసుక మెట్టలు మన చుట్టుపక్కల తమిళనాడు తేరి నేలల్లోనూ శ్రీలంక తీరంలోనూ ఉన్నాయి. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి.

గౌరవాలు వచ్చాయి, దిబ్బలు తరుగుతూనే ఉన్నాయి. అంచులు చదును చేసి ప్లాట్లు వేద్దామన్న ప్రయత్నాలు ఆగలేదు. దిబ్బల మీదికెక్కి జారే సరదా ఇంకో నష్టం. ఆ పూత పగిలిందా, లోపలి ఇసుక వదులై వచ్చే వానకి గెడ్డలోకి కొట్టుకుపోతుంది. మంచుయుగపు గాలి మళ్లీ వచ్చి పొయ్యదు కదా. ఒడ్డున పాకే బాలబండి తీగనీ, ముళ్లబంతుల్లాంటి గుత్తులున్న రావణాసురుడి మీసాలనీ పీకేసి చదును చెయ్యడం కూడా ఈ కోవలోదే. వేళ్లతో ఇసుకని పట్టుకుని కొత్త దిబ్బ కట్టేవి ఆ మొక్కలే.

భీమిలిలో దారి ఆగుతుంది. డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, 1861లో ఏర్పడిన మున్సిపాలిటీ, పాత వర్తకుల ఇళ్లు, అన్నీ తీరిగ్గా చూడదగ్గవే. నేను మాత్రం గోస్తని సంగమం దగ్గరికి పోతాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్ని తొలిచి, తాటిపూడి జలాశయంలో ఆగి, మిగిలినది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. కొండ నుంచి ఇసుకని దించే పనివాళ్లలో ఇదొకటి. జలాశయం నగరానికి నీళ్లిస్తుంది, అది అవసరం. ఇసుక మాత్రం అక్కడే అడుగున ఉండిపోతుంది. దక్షిణాన హార్బరు, ఎగువన జలాశయం ఆపాక ఈ ఒడ్డుకి చేరే కొత్త ఇసుక తక్కువ. అందుకే ఉన్న ఇసుకని కాపాడుకోవాలంటున్నాను.

వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, తెల్లవారుతుండగా బయల్దేరి, పూట మొత్తం ఈ దారికే ఇచ్చెయ్యండి. దిబ్బల దగ్గర గెడ్డలోనే నడవండి, గోడల మీద చెయ్యి వెయ్యొద్దు, పేర్లు చెక్కొద్దు, సీసాలో ఎర్ర ఇసుక నింపుకోవద్దు. ఆ చుట్టుపక్కల ఎక్కడైనా యంత్రాలు తవ్వుతూ కనిపిస్తే ఫొటో తీసి కలెక్టరు కార్యాలయానికి రాయండి.