అహోబిలం జీపులూ, ఆడే స్టీరింగూ

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డకు తూర్పున నల్లమలలో వెలసిన అహోబిలంలో, నవనారసింహుల సన్నిధుల్లో కొన్నింటికి మెట్ల దారులు, కొన్నింటికి కాలిబాటలు ఉండగా, పావన నరసింహస్వామి దర్శనానికి వెళ్లే భక్తుల్లో చాలామంది అడవిలోని రాళ్లబాటన జీపెక్కే పోతారు. ఆ బాటన తిరిగే పాత మహీంద్రా జీపుల వంశం 1947 నాటిది. అమెరికాకు చెందిన విల్లీస్ జీపును ఆ ఏడాది నుంచి మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన ఆ సంస్థ, తరువాతి దశాబ్దాల్లో ఇంజన్లనూ బాడీలనూ ఎన్నిసార్లు మార్చినా, ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసుకు కట్టి, ఆ ఇరుసును కమాన్ పట్టీల మీద నిలిపే పద్ధతిని చాలాకాలం వదులుకోలేదు. రాళ్ల మీద ఆ పద్ధతికి సాటి లేదు. అయితే అది ఎంత మొండిదో, దాని స్టీరింగుకు వచ్చే జబ్బులూ అంత మొండివి.

స్టీరింగు తిప్పినప్పుడు ఆ కదలిక కడ్డీ వెంట స్టీరింగ్ బాక్సులోకి దిగి, అక్కడ తిరుగుడు కాస్తా ముందువెనుకల ఊపుగా మారి, పిట్‌మన్ ఆర్మ్ అనే చేయి ద్వారా డ్రాగ్ లింకును తోస్తుంది. ఆ తోపు అందుకొని పక్కకు తిరిగేది ఇరుసు కొసన చక్రాన్ని మోసే నకిల్. ఆ నకిల్‌కు పైనా కిందా ఇరుసుగా నిలిచేవి కింగ్ పిన్లు. రెండు పక్కల నకిల్‌లనూ జతకూర్చేది టై రాడ్. ఇన్ని కీళ్లున్న చోట ఒక్కొక్క దానిలో వెంట్రుకవాసి వదులున్నా, అవన్నీ కూడి డ్రైవరు చేతికి వచ్చేసరికి నాలుగు వేళ్ల వెడల్పవుతుంది. మెకానిక్కులు ప్లే అని పిలిచేది దీన్నే.

చేతికి తెలిసింది గనుక జబ్బు చేతికి దగ్గరలోనే ఉంటుందనుకొని, బాక్సు మీది సర్దుబాటు స్క్రూను బిగించడం చాలా చోట్ల జరిగే మొదటి పని; మొదటి పొరపాటు కూడా అదే. బండి ఎక్కువ కాలం నేరుగానే పోతుంది కాబట్టి బాక్సు లోపలి భాగాలు ఆ నడిమి స్థానంలోనే ఎక్కువగా అరుగుతాయి. అక్కడి వదులు పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని అంచుల దగ్గర స్టీరింగు పట్టేస్తుంది, మలుపు తిరిగాక తనంతట తాను నేరుకు రాదు. చదునైన దారిలో ఈ తేడా తెలియకపోవచ్చు గాని, కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటులో, ఒక వంపు ముగిసీ ముగియకముందే మరొకటి ఎదురయ్యే చోట, పట్టేసిన స్టీరింగు వదులు స్టీరింగు కన్నా ప్రాణాంతకం.

అందుచేత లోపాన్ని వెతకవలసింది నేల నుంచి పైకి. టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూశాక, జీపును నాలుగు చక్రాల మీదే ఉంచి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతుండగా మరొకరు కింద పడుకొని ఒక్కొక్క కీలు మీద వేళ్లు ఆనించి చూడాలి. కదలిక ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నదో, ఏ బాల్ జాయింటులో ఒక పక్క కడ్డీ కదిలి రెండో పక్క కదలడానికి క్షణం ఆలస్యమవుతున్నదో కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులై బాక్సే కదులుతుండడమూ అరుదు కాదు.

తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకొని ఊపాలి. ఆడితే అది చక్రం బేరింగు వదులో, కింగ్ పిన్ వదులో తేల్చడానికి ఒక చక్కని ఉపాయం ఉంది: బండిలో కూర్చున్నవారు బ్రేకు తొక్కి పట్టాలి. అప్పుడు డ్రమ్ము తన వెనుక పళ్లేనికి బిగిసిపోతుంది గనుక బేరింగు వదులు మాయమవుతుంది; అప్పటికీ చక్రం ఆడుతుంటే దోషం కింగ్ పిన్‌దే. విల్లీస్ వంశపు జీపుల్లో ఆ పిన్లకు పైనా కిందా రోలర్ బేరింగులుంటాయి. వాటి బిగింపును షిమ్‌లనే పలుచని రేకులు నిర్ణయిస్తాయి. కింగ్ పిన్ చూడకుండా టై రాడ్ ఎండ్లు మాత్రమే మార్పించి, నెల తిరగకుండానే మళ్లీ వర్క్‌షాపు మెట్లెక్కేవారు ఎక్కువమంది కావడం బాధాకరం, ఎందుకంటే ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

ఇక్కడి నేలలు ఒక్కొక్కటి ఒక్కో జబ్బును అంటగడతాయి. నల్లమల రాళ్లు టై రాడ్‌ను వంచుతాయి, కమాన్ కట్టను ఇరుసుకు కుదురుగా నిలిపే సెంటర్ బోల్టును తెంపుతాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాతి క్వారీల మెత్తని దుమ్ము, చిరిగిన రబ్బరు తొడుగుల్లోంచి బాల్ జాయింట్లలోకి చేరి, గ్రీజులో కలిసి కీలును నూరేస్తుంది. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి వానాకాలంలో రిమ్ము లోపలి వైపు గడ్డకట్టి, ఆ బరువు ఒకవైపే నిలిచి, తారు రోడ్డెక్కగానే చక్రాన్ని వణికిస్తుంది. ఆ వణుకుకు ముందు కావలసింది నీళ్లూ, ఒక పుల్లా.

కడిగినా పోని వణుకు వేరు. జీపు వేగమందుకున్నాక ఒక చక్రం గుంతలో పడగానే ముందు చక్రాలు రెండూ ఎడాపెడా కొట్టుకోవడం, వేగం బాగా తగ్గితే తప్ప ఆగకపోవడం డ్రైవరును హడలగొట్టే అనుభవం. కీళ్ల వదులుతో పాటు దీనికి ముఖ్య కారణం క్యాస్టర్ తగ్గడం. కింగ్ పిన్ పైభాగం కాస్త వెనక్కి వాలి ఉండడమే క్యాస్టర్. విల్లీస్ జీపుల్లో అది దాదాపు 3 డిగ్రీలు. చక్రాన్ని నేరుగా నిలిపేది ఆ వాలే. ఎత్తు కోసం, కమాన్ కొసను ఛాసిస్‌కు కలిపే ముందు షాకిళ్లను పొడవు చేయించిన జీపుల్లో ఇరుసు ముందుకు తిరిగి ఆ వాలు పోతుంది. అప్పుడు స్టీరింగుకు డ్యాంపరు బిగిస్తే వణుకు అణగవచ్చు గాని కారణం అలాగే ఉంటుంది. ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య ఏటవాలు ముక్కలు పెట్టి వాలును తిరిగి తేవడమే వైద్యం.

బండి ఒకవైపు లాగుతుంటే నాలుగు మైళ్లు నడిపి ముందు డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి చూడాలి. ఒకటి కాలుతుంటే లోపం బ్రేకుది. రెండూ సమంగా ఉంటే, కమాన్ కన్ను నుంచి ఇరుసు దాకా రెండు పక్కలా టేపుతో కొలవాలి. కొలతలు కలవకపోతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందని అర్థం. ఇక ఫోర్‌వీల్ గేరున్న జీపుల్లో, అడవి దాటి తారు మీదికి వచ్చాక ఆ గేరు తీయడం మరిచినా స్టీరింగు బరువెక్కుతుంది, విప్పవలసిందేమీ లేదు.

కీళ్లన్నీ కుదిరాకే టో-ఇన్, అంటే చక్రాల ముందు అంచులు వెనుక అంచులకన్నా 1 నుంచి 2 మిల్లీమీటర్లు దగ్గరగా ఉండే లెక్క, సరిచూడాలి. వదులు కీళ్ల మీద తీసిన కొలత జీపు కదలగానే మారిపోతుంది. కమాన్లు విప్పి బిగించిన బండిని ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి దాకా జాతీయ రహదారిపై ఒకసారి నడిపి తెచ్చి, కమాన్ కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను మరొకమారు బిగించి, ఆ తరువాతే భక్తులను ఎక్కించుకోవాలి.