సముద్రం లేని ఇసుక
భోగాపురం నుంచి జైసల్మేర్‌కి దాదాపు 2,000 కిలోమీటర్లు. సాలూరు ఘాటీ ఎక్కి, రాయ్‌పూర్, భోపాల్, జోధ్‌పూర్ మీదుగా నాలుగు రోజులు. కార్లో అమ్మ, నాన్న, నేను, మా ఊరకుక్క నల్లోడు.

వాణ్ణి ఎవరిదగ్గరైనా వదిలెళ్ళమన్నారంతా. అమ్మ ఒప్పుకోలేదు. దాదాపు 2,200 ఎకరాల విమానాశ్రయం కోసం మా మరడపాలెం ఖాళీ అయినప్పుడు మనుషులకి వేరేచోట స్థలాలిచ్చారు. కుక్కలు ఏ జాబితాలోనూ లేవు.

సమ్ ఇసుకతిన్నెల దగ్గర డేరా. మధ్యాహ్నం ఇసుకకి పాదాలు కాలతాయని, పొద్దు వాలాకే వాణ్ణి వదిలాం. ఒకటే పరుగు. తిన్నె ఎక్కాడు, దిగాడు, ఇంకోటి ఎక్కాడు. మూతి ఎత్తి గాలి పీల్చాడు. మా దగ్గర ఇసుక దాటితే సముద్రమే కదా!

"ఇక్కడ సంద్రం నేదురా నాయినా," అంది అమ్మ.

నాన్న ఏమీ అనలేదు. ఇప్పటికీ పొద్దున్నే ఆయన బండి పాత ఊరివైపే తిరుగుతుంది.