ఫోన్ ఎత్తిన గొంతు మీద ఫిర్యాదు

ప్రాణం మీదికి వచ్చిన వేళ 108కు ఫోన్ చేస్తే అవతల పలికే గొంతు మీద జనం చేసే ఫిర్యాదులు పైకి చిన్నవిగానే కనిపిస్తాయి గానీ, వాటికి ఇచ్చే జవాబును బట్టే ఆ సేవ మీద ఒక ప్రాంతానికి ఉన్న నమ్మకం నిలవడమో సడలడమో జరుగుతుంది. కడప జిల్లాలో ప్రొద్దుటూరు బజారులోనైనా, జమ్మలమడుగు బస్టాండులోనైనా, పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లోనైనా ఆంబులెన్సు ప్రస్తావన వస్తే ‘‘ఇన్ని ప్రశ్నలడిగేలోపల పాణం పోతాది’’ అనే మాట ఎవరో ఒకరి నోట రాకుండా ఉండదు. ఆ నింద పడేది డిస్పాచర్ మీద, అంటే ఫోన్‌లో విన్న నాలుగు మాటలను బట్టి ఏ బండిని, ఏ ఊరికి, ఎంత తొందరగా పంపాలో తేల్చే ఉద్యోగి మీద. నిబంధనలు చూపించి ఆ నిందను తోసిపుచ్చడం ఆ ఉద్యోగికి చాలా సులభం, కానీ దానివల్ల ఎవరికీ ఒరిగేది లేదు. విమర్శకు నోటితో ఇచ్చే జవాబు సగం మాత్రమే, మిగతా సగం ఆ తరువాత వచ్చే ఫోన్‌లో, సరిదిద్దుకున్న ప్రశ్న రూపంలో వినిపించాలి.

ఈ మూడు ఊళ్ళకు 108తో ఉన్న అనుబంధం ప్రత్యేకమైనది. ఈఎంఆర్ఐ అనే సంస్థ 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా ఈ సేవను మొదలుపెట్టిననాడు ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు. రాజకీయాల్లోకి రాకముందు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేసి, 1973లో తండ్రి రాజారెడ్డి పేరిట పులివెందులలో 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పినవారు. అందువల్ల ఇక్కడివారు 108ను ప్రభుత్వం పంపే బండిగా మాత్రమే చూడరు, తమ గడ్డకు సంబంధం ఉన్న ఏర్పాటుగా కూడా చూస్తారు, అది ఆలస్యమైతే పరాయివాళ్ళను తప్పుపట్టినట్టు కాక సొంతవాళ్ళను నిలదీసినట్టు నిలదీస్తారు. ఈఎంఆర్ఐ వ్యవస్థాపకులు చిక్కుకున్న సత్యం కుంభకోణం తరువాత 2009లో ఈ సేవ నిర్వహణ జీవీకే సంస్థ చేతికి వెళ్ళింది, ఆంధ్రప్రదేశ్‌లో ఆ పైన కూడా సంస్థలు మారాయి, 2020 జూలై 1న 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలు ఒకే రోజున రోడ్డెక్కాయి. ఇన్ని మార్పుల్లోనూ ఆ మూడంకెలు మాత్రం మారలేదు గనుక, ఎవరి హయాంలో జరిగిన లోపమైనా జనం మనసులో ఆ అంకెల ఖాతాలోనే చేరుతుంది, నిన్నగాక మొన్న చేరిన డిస్పాచర్ కూడా పాత బాకీలన్నిటికీ జవాబుదారీ కావలసి వస్తుంది.

ఫిర్యాదును తూచాలంటే పని జరిగే తీరు ముందు తెలియాలి. ఈఎంఆర్ఐ రూపొందించిన పద్ధతిలో ఫోన్ ఎత్తి వివరాలు రాసుకునేవారు కమ్యూనికేషన్ ఆఫీసర్, ఆ వివరాలను అందుకుని దగ్గరలో ఖాళీగా ఉన్న బండిని బయలుదేరదీసేవారు డిస్పాచ్ ఆఫీసర్, అవసరమైనప్పుడు ఫోన్‌లోనే వైద్య సలహా ఇవ్వడానికి వీరికి తోడుగా ఒక డాక్టరు ఉంటారు. బండిలో రోగిని చూసుకునే శిక్షితుణ్ణి ఈఎంటీ అనీ, నడిపేవారిని పైలట్ అనీ పిలుస్తారు. ఫోన్ చేసినవారికి ఈ అంచెలేవీ కనబడవు. వారికి తెలిసింది ఒక్క గొంతే గనుక బండి రాకపోయినా, టైరు పంక్చరైనా, ఆసుపత్రిలో డాక్టరు లేకపోయినా కోపం ఆ గొంతు మీదికే మళ్ళుతుంది. ఇది అన్యాయమే అయినా అసహజం కాదు, అన్యాయమైన ఫిర్యాదులో కూడా పనికివచ్చే సంగతి ఏదో ఒకటి దాగి ఉంటుంది.

ప్రశ్నల మీద వచ్చే విమర్శలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్ చేసినవారు ‘‘ప్రొద్దుటూరు’’ అనగానే సంగతి తేలిపోయినట్టు అనుకుంటారు గానీ, కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు అనే మరో ఊరు ఉండేది, గండికోట జలాశయం నిండడంతో 2020లో అది నీట మునిగి ఊరివాళ్ళు పునరావాస కాలనీలకు తరలిపోయినా ఆ పేరు వారితోనే వెళ్ళింది. ప్రొద్దుటూరు మండలంలో గోపవరం ఒక పంచాయతీ, అదే జిల్లాలో బద్వేలు వైపున గోపవరం ఏకంగా ఒక మండలం. జమ్మలమడుగుకు ఎగువన పెన్న మీద ఆనకట్ట ఉన్న మైలవరం ఒకటైతే, విజయవాడకు దగ్గరలో ఉన్న మైలవరం మరొకటి. రాష్ట్రం మొత్తానికి ఒకేచోట కూర్చుని ఫోన్ ఎత్తేవారికి రెండోదే ముందు గుర్తుకు వస్తే ఆశ్చర్యపోవలసింది లేదు. పులివెందుల పక్కనే ఉన్న వేముల, వేంపల్లె అనే రెండు మండలాల పేర్లు గాలి హోరులోనో ఏడుపులోనో చెబితే ఒకదానికొకటిగా వినబడతాయి. ఇక ‘‘ఫోన్ చేస్తానే మా ఊరు మీకు కనపడదా’’ అని అడిగేవారికి, సెల్ టవర్‌ను బట్టి దొరికే జాడ పల్లెల్లో కిలోమీటర్ల మేర తేడా రావచ్చునని తెలిసే అవకాశం లేదు. ఇన్ని చిక్కుముడులున్నచోట మండలం పేరు అడగడం ప్రాణాన్ని తప్పుదారి పట్టకుండా కాపాడడమే.

అయితే ప్రశ్న న్యాయమైనదని రుజువైనంత మాత్రాన అడిగిన తీరు కూడా న్యాయమైనదని చెప్పడానికి లేదు. పొలంలో పాము కరిచిన మనిషిని గట్టు మీద పడుకోబెట్టి ఫోన్ చేస్తున్న కొడుకును ‘‘మీ మండలం ఏది, జిల్లా ఏది’’ అని దరఖాస్తు నింపుతున్నట్టు అడిగితే ఆ క్షణంలో అతనికి అది ఆఫీసు తంతుగానే తోస్తుంది. అదే సమాచారాన్ని ‘‘అన్నా, బండి పంపడానికే అడుగుతున్నా, మీది ప్రొద్దుటూరు పక్క గోపవరమా, బద్వేలు పక్క గోపవరమా’’ అని అడిగితే జవాబు ఒక్క మాటలో వస్తుంది, ఎందుకు అడుగుతున్నారో కూడా ఆ ప్రశ్నలోనే తెలిసిపోతుంది. పల్లె మనిషి చోటును చెప్పే పద్ధతి వేరు. చెరువు కట్ట, పీర్ల చావడి, బండల పాలిష్ ఫ్యాక్టరీ, వంక మీది మోరి, రామాలయం వెనక మిద్దె అని గురుతులు చెబుతాడే గానీ ఇంటి నంబరు, వీధి పేరు అంటూ మొదలుపెట్టడు. ‘‘బిన్నా పంపీండి’’ అన్నమాటలోని తొందర వేరే జిల్లాలో పెరిగిన ఉద్యోగికి ఒక్కోసారి అందకపోవచ్చు కూడా. కాబట్టి ‘‘ప్రశ్నలు ఎక్కువ’’ అనే ఫిర్యాదుకు ‘‘అవి తప్పనిసరి’’ అని బదులిచ్చి ఊరుకుంటే విమర్శకుడు నోరు మూసుకుంటాడేమో గానీ ప్రశ్న మెరుగుపడదు.

ఈ ఫిర్యాదు వెనక మరో అపోహ కూడా ఉంది. ప్రశ్నలన్నీ పూర్తయితేనే బండి కదులుతుందని చాలామంది నమ్ముతారు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ అగ్నిమాపక శాఖలో పనిచేసిన డాక్టర్ జెఫ్ క్లాసన్ 1970ల చివరలో ఇలాంటి ప్రశ్నలను ఒక వరుసలో పెట్టి, వాటితోపాటు బండి వచ్చేలోపు ఇంట్లోవాళ్ళు చేయవలసిన సూచనలను కూడా కార్డుల రూపంలో సిద్ధం చేశారు. అక్కడినుంచి పెరిగిన పద్ధతిలో చోటు, అపాయం ఏమిటో తెలియగానే బండిని కదిలించి, మిగతా ప్రశ్నలు దారిలో ఉన్న సిబ్బంది కోసమూ, ఇంట్లోవాళ్ళ చేత ప్రథమ చికిత్స చేయించడం కోసమూ అడుగుతారు. పాము కరిచినచోట బ్లేడుతో కోయవద్దనీ, తాడుతో బిగించి కట్టవద్దనీ, మనిషిని నడిపించకుండా, కాటు పడిన కాలు కదలకుండా పడుకోబెట్టమనీ చెప్పే రెండు మాటలు, గుండె ఆగి పడిపోయినవారి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కమని లెక్కపెడుతూ చేయించే సాయం, బండి రాకముందే మొదలయ్యే వైద్యమే. ఇంత విలువైన పని జరుగుతున్నట్టు ఫోన్ చేసినవారికి తెలియకపోతే లోపం వారిది కాదు. బండి బయలుదేరి ఉంటే ‘‘బండి బయలుదేరింది, మీరు ఫోన్ పెట్టేయకండి’’ అనే మాట మొదటే చెబితే సగం ఫిర్యాదులు పుట్టే అవకాశమే ఉండదు.

రెండో రకం విమర్శ ఆలస్యం గురించి, ఇక్కడ డిస్పాచర్ చేతిలో ఉన్నది తక్కువ. దసరా రోజుల్లో ప్రొద్దుటూరు అమ్మవారిశాల పరిసరాల్లో తొట్టిమెరవణి ఊరేగింపు చూడడానికి వచ్చిన జనసందోహంలో నుంచి బండి బయటపడాలంటే సైరన్ ఒక్కటే చాలదు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన దెబ్బతిని రాకపోకలు ఆగిపోయినప్పుడు కడప వైపు వెళ్ళవలసిన రోగులకు దారే మారిపోయింది. దగ్గరి బండి అప్పటికే ఒక గర్భిణిని ఎక్కించుకుని ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో వెళుతుంటే పక్క మండలం నుంచి మరో బండి రావాలి. ఇవన్నీ నిజాలే అయినా, మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి ‘‘అది మా పరిధిలోనిది కాదు’’ అని చెప్పడం గాయం మీద కారం చల్లడమే. ఫోన్ ఎన్ని గంటలకు వచ్చింది, బండి ఎక్కడినుంచి ఎప్పుడు బయలుదేరింది, దారిలో ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అనే నాలుగు వివరాలు దాచకుండా చెబితే, అది ఓదార్పు కాకపోయినా, తమ మనిషి గురించి నిజం తెలుసుకునే వారి హక్కును గౌరవించినట్టవుతుంది. ఒక ఊరికి పదేపదే దూరం నుంచే బండి వస్తున్నదని ఆ వివరాలే తేలిస్తే బండి నిలిపే చోటు మార్చమని అడగడానికి అవే ఆధారమవుతాయి.

మూడో రకం విమర్శ మాట కరుకుదనం గురించి, దీనికి వివరణ అనేదే లేదు. అమెరికాలోని డాలస్ నగరంలో 1984 జనవరిలో, ఇంట్లోని పెద్దామెకు ఊపిరి అందడం లేదని ఒకరు ఫోన్ చేస్తే, కాల్స్‌ను వడపోసే బాధ్యతలో ఉన్న నర్సు రోగితోనే మాట్లాడాలని పట్టుబట్టి, అవతలివారు కోపంతో అన్న మాటకు నొచ్చుకుని వాదనకు దిగింది. సాయం అందేసరికి ఆ పెద్దామె ప్రాణం పోయింది, ఆ సంభాషణ రికార్డు దేశమంతా విన్నది. కంగారులో ఉన్నవారి తిట్టు తిట్టు కాదనీ, అది భయం ఎత్తిన గొంతు అనీ గ్రహించడం ఈ ఉద్యోగానికి మొదటి అర్హత. అత్యవసర కేంద్రాల్లో కాల్స్ రికార్డు చేసేది ఉద్యోగిని పట్టుకోవడానికే అనే భయం పోవాలి. ఫిర్యాదు వచ్చిన కాల్‌ను ఆ ఉద్యోగీ, పై అధికారీ కలిసి మళ్ళీ వింటే మాట ఎక్కడ గీసుకుపోయిందో చెవికే తెలుస్తుంది, తెలిసినప్పుడు ‘‘మా మాట మిమ్మల్ని బాధపెట్టింది, క్షమించండి’’ అనడానికి సందేహించనక్కరలేదు.

అసలు అత్యవసర నంబరు అనే ఏర్పాటే ఒక ఫిర్యాదు నుంచి పుట్టిందన్న సంగతి ఈ వృత్తిలో ఉన్న ప్రతివారికీ తెలియవలసినది. 1935 నవంబరు 10న లండన్‌లోని వింపోల్ వీధిలో ఒక ఇల్లు అంటుకుని ఐదుగురు స్త్రీలు మరణించారు. ఎదురింటి నుంచి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయబోయిన వ్యక్తి, ఎక్స్ఛేంజిలో తన కాల్ వంతు కోసం నిలిచిపోయిందని ‘ది టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని అధికారులు ఆపరేటర్ల మీద నిందగా తీసిపారేయకుండా విచారణ జరిపించారు, ఫలితంగా 1937 జూన్ 30న లండన్‌లో 999 అనే నంబరు మొదలైంది, ఆ నంబరుకు కాల్ వస్తే ఎక్స్ఛేంజిలో ఎర్రదీపం వెలిగి హారన్ మోగేలా ఏర్పాటు జరిగింది. ఆ రోజున ఎక్స్ఛేంజివారు వరుస పాటించడం నిబంధనేనని వాదించి ఉంటే మాట నెగ్గేదే, మనుషులు మాత్రం ఇంకా చనిపోతూనే ఉండేవారు.

ఫిర్యాదుకు ఇంత చోటివ్వమని అడిగేటప్పుడు డిస్పాచర్ పక్షాన ఒక మాట చెప్పడం ధర్మం. అతను ఒక ఇంటి ఏడుపు విని బండి పంపి, ఆ మనిషి బతికాడో లేదో తెలియకముందే మరో ఇంటి ఏడుపు ఎత్తుకోవాలి. ఆకతాయి కాల్స్‌ను కూడా నిజమేమో అనే అనుమానంతో వినాలి. కృతజ్ఞత బండి తెచ్చినవారికి దక్కితే నింద తనకు మిగులుతుంది. అందుచేత విమర్శకు జవాబు సంస్థ పేరుతో రావాలే గానీ ఉద్యోగిని ఒంటరిగా జనం ముందుకు తోయకూడదు. తప్పు వ్యక్తిది అయితే శిక్షణతో, ఏర్పాటుది అయితే ఏర్పాటు మార్పుతో దిద్దుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఆపద రాకముందే ఇవ్వవలసినది. గ్రామ సచివాలయం గోడ మీద, బడిలో, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగేటప్పుడు, 108కు ఫోన్ చేస్తే ముందు మండలం, ఊరు, అందరికీ తెలిసిన గురుతు చెప్పాలనీ, ఫోన్ పెట్టేయకుండా మాట్లాడుతూ ఉన్నంత మాత్రాన బండి ఆగిపోదనీ, ఒక మనిషి రోడ్డు మీదికి వచ్చి నిలబడి బండికి ఇల్లు చూపాలనీ చెప్పగలిగితే, అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య సగం దూరం ముందే తగ్గిపోతుంది. తాళ్ళప్రొద్దుటూరు నుంచి తరలివచ్చిన కాలనీలకూ, ఒకే పేరున్న పల్లెలకూ ఈ పని మరింత ముందుగా చేయాలి. ఫిర్యాదు చేసిన ఊరికే వెళ్ళి, ఆ ఫిర్యాదు వల్ల ఏ ప్రశ్న మారిందో అక్కడివారికి చెప్పడం ఏ సంజాయిషీ కంటే కూడా గొప్ప గౌరవం; తమ మాట విన్నారని నమ్మిన ఊరు ఆ తరువాత ఫోన్ చేసినప్పుడు ప్రశ్నలకు విసుక్కోదు, జవాబు చెబుతుంది.