వెల లేని వేడుక

పట్టణములలోని యుద్యానవనములయందు రుసుము లేకుండ జరుగు గానసభలనుగూర్చి మీరు వినియుందురు. మా గజపతినగర ప్రాంతమున నట్టి వేడుకకు ఉద్యానవన మక్కఱలేదు. గ్రామదేవత గుడి ముంగిలియే చాలును.

విజయనగరమునుండి సాలూరు పోవు బాటలో, చంపావతీనది చెంత నున్నది గజపతినగరము. ఈ సీమకు సొంతమైన యాట తప్పెటగుళ్లు. యాదవులు దీనిని తరతరములుగా నిలుపుకొని వచ్చిరి. గుండ్రని తప్పెటను ఱొమ్మున గట్టుకొని, కాళ్లకు గజ్జెలు ధరించి, వలయముగా నిలుతురు. నాయకు డొక చరణ మెత్తికొనగా తక్కినవా రందుకొందురు. వాయించునతడే పాడును, పాడునతడే యెగిరి యాడును.

విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి యధ్యక్షులు. అచ్చటి విద్యకు గురువును, పాఠమును, నియమిత కాలమును గలవు. గుడి ముంగిట నవి యేవియు లేవు. తలుపు లేదు, చీటి లేదు. చంకబిడ్డతో వచ్చిన యిల్లాలును, పొలమునుండి మరలిన కూలియు నొక్కచోటనే కూర్చుండి చూతురు.

అయినను, వెల లేనిది మనకే గాని యాటగానికి గాదు. రాత్రి మనయెదుట చెమటోడ్చినవాడు తెల్లవాఱగనే తన పనికి పోవలయును. కావున పళ్లెము మనముందుకు వచ్చినప్పుడు మొగము త్రిప్పుకొనరాదు. చేటెడు బియ్యమో, చేతనైన రూకలో యిచ్చి, పిల్లలనుగూడ వెంటబెట్టుకొనిపోయి చూపుడు. చూచువారు లేని యాట యెంతకాలము నిలుచును?