గండిపేట దారిలో, ఆరు సంవత్సరములు నిండక ముందు

చేవెళ్ల నుండి పట్నము వైపు ఉదయము వచ్చే బస్సులలో కూర్చోవడానికి చోటు దొరకడము కష్టము. ఈ ప్రాంతము కూరగాయలకు, పూలకు పెట్టింది పేరు. గంపలు, మూటలు ముందు ఎక్కుతాయి, మనుషులు తరువాత ఎక్కుతారు. కిటికీ దగ్గర చోటు దొరికినవారికి మాత్రము దారి పొడుగునా మర్రిచెట్లు కనబడతాయి. పోలీసు అకాడమీ చౌరస్తా నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల మేర దాదాపు 900 మర్రులున్నాయని లెక్క. రోడ్డు వెడల్పు చేయాలని ఒకరు, చెట్లు కొట్టవద్దని ఒకరు చాలా సంవత్సరములు పోరాడారు. ఆ వ్యాజ్యము హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది.

మేము ఈ దారిన ప్రయాణము చేసింది చెట్ల కొరకు కాదు. మన సంఘముల కుటుంబములలో కొందరు అడిగే ఒక ప్రశ్న వెంట పెట్టుకొని బయలుదేరాము. మూడేండ్లు నిండినా మాట రాని బిడ్డను, నడక రాని బిడ్డను, పిలిస్తే తిరిగి చూడని బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి ఈ దారిలో ఎక్కడ దిగాలి? ఆమె బిడ్డను కూర్చోబెట్టుకొనే బడి ఏది?

న్యాయముగా చూస్తే ఆమె అసలు బస్సు ఎక్కకుండానే మొదటి మజిలీ దొరకాలి. అది స్వంత ఊరి అంగన్‌వాడీ. 1975లో ఆరంభమైన ఈ పథకము ద్వారా ఆరు సంవత్సరముల లోపు బిడ్డలకు ఆహారము, ఆటపాటలు, బడికి ముందు చదువు అందుతున్నాయి. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించాలనే ఏర్పాటు ఉన్నది. పుట్టుకతో వచ్చిన లోపములు, పోషక లోపములు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యము, ఈ నాలుగింటినీ వారు చూడాలి. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము దివ్యాంగ బాలల నిమిత్తము అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకములు కూడా ఇచ్చింది. లోపమును ముందే గుర్తించడము, ఆ బిడ్డను తక్కిన పిల్లలతో కలిపి కూర్చోబెట్టడము, అవసరమైతే ఆశా, ఏఎన్‌ఎమ్‌ల ద్వారా వైద్యుల వద్దకు పంపడము అందులోని ముఖ్యాంశములు.

కాగితము మీద ఇది చక్కగానే ఉన్నది. అయితే బృందము వచ్చిన రోజున ఆ ఒక్క బిడ్డ ఇంటిలోనే ఉండిపోతాడు. నలుగురిలోకి తీసుకెళ్తే ఏమంటారోనని తల్లికి భయము. ఇంటిలో పెద్దావిడ ఊరుకోదు. “వాని తాతకు గూడ ఐదేండ్లకే మాటలొచ్చినయి, తొందరెందుకే కోడలా” అంటుంది. ఈ మాటను మేము ఎన్ని ఇండ్లలో విన్నామో లెక్క లేదు. చిక్కేమంటే ఆ మాట ఒక్కొక్కసారి నిజమే అవుతుంది. ఆలస్యముగా మాట్లాడి తరువాత చక్కగా ఎదిగిన పిల్లలున్నారు. నిజము కాని ఇండ్లలో మాత్రము రెండు మూడు సంవత్సరములు చేతులారా పోతాయి. అందుకే వైద్యులు తాతగారి లెక్క కాక వేరే లెక్క చూడమంటారు. నాలుగైదు నెలలకు మెడ నిలపాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదిన్నరకు నడవాలి. రెండేండ్లకు రెండు మాటలు కలిపి “అమ్మా, నీళ్లు” వంటివి అనాలి. వీటిలో ఏది తప్పినా వెంటనే చూపించాలి. చూపించినందువలన నష్టము లేదు. మాట రాని బిడ్డకు మొట్టమొదట చెవులు పరీక్ష చేయించాలి. ఊరివారు మూగ అని పేరు పెట్టిన పిల్లలలో చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు. వినబడదు గనుక పలుకరు.

బస్సు చేవెళ్ల దాటి మొయినాబాదు వస్తుంది. మండల కేంద్రములలో పాఠశాల ఆవరణలలోనే భవిత కేంద్రములను ఏర్పాటు చేశారు. ప్రత్యేక అవసరములుగల పిల్లలకు బోధించడానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. కదలలేని పిల్లల ఇండ్లకు వారే వెళ్ళి నేర్పే పద్ధతి కూడా ఉన్నది. జీతము తక్కువ, పని ఎక్కువ అయినా ఓర్పుతో చేసేవారు వీరిలో ఎందరో ఉన్నారు. వారి పేర్లు పత్రికలలో రావు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టము హక్కు ఇచ్చింది 6 నుండి 14 సంవత్సరముల వారికి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టము 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము ఉన్నవారికి ఉచిత విద్యను 6 నుండి 18 వరకు చెప్పింది. రెండింటిలోనూ లెక్క ఆరుతోనే మొదలు. బిడ్డ మెదడు అతి వేగముగా ఎదిగే కాలము అంతకు ముందే గడిచిపోతుంది. 2011 జనాభా లెక్కలలో దేశమంతటా ఆరేండ్ల లోపు దివ్యాంగ బాలలు 20 లక్షలకు పైగా ఉన్నట్లు తేలింది. ఇంతమందికి హక్కు ఇంకా మొదలు కాని ఆ సంవత్సరములలోనే సహాయము ఎక్కువ ఫలిస్తుంది. స్వచ్ఛంద సంస్థలు నడిపే చిన్నబడులకు పని ఉన్నది ఈ ఖాళీలోనే.

మొయినాబాదు దాటిన తరువాత రోడ్డుకు ఒక ప్రక్క హిమాయత్‌సాగర్, మరొక ప్రక్క ఉస్మాన్‌సాగర్. రెండవదానినే మనము గండిపేట చెరువు అంటాము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. మళ్ళీ అటువంటి ఉపద్రవము రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా తీసుకొని, మూసీకి అడ్డముగా కట్ట వేసి 1920లో దీనిని పూర్తి చేశారు. ఇక్కడి నీరు యంత్రము అవసరము లేకుండా పల్లమునకు పారి ఆసిఫ్‌నగర్ చేరేటట్లు కాలువ కట్టారు. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోడని పట్నములో ఇప్పటికీ ఒక మాట ఉన్నది.

ఈ చెరువులను కాపాడేందుకు 1996 మార్చి 8న ప్రభుత్వము 111 నంబరు ఉత్తర్వు తెచ్చి, చుట్టూ 84 గ్రామములలో పెద్ద కట్టడములకు అడ్డు కట్టింది. 2022లో ఆ కట్టుబాటును సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. ఈ ముప్పై సంవత్సరములలో పొలములు కొన్ని పొలములుగానే మిగిలాయి, కొన్ని ఫారంహౌసులయ్యాయి. ఎత్తైన ప్రహరీ గోడల వెనుక కాపలాకు ఉండే కుటుంబములు చాలావరకు వేరే జిల్లాలవారు, వేరే రాష్ట్రములవారు. వారి బిడ్డ పేరు ఏ ఊరి అంగన్‌వాడీ పుస్తకములో ఉండాలో ఎవరికీ తెలియదు. ఆ బిడ్డకు ఎదుగుదలలో లోపముంటే ఇక చెప్పేదేమున్నది? ఈ ప్రాంతములో పెద్ద పెద్ద స్కూళ్లు కూడా వెలిశాయి. వాటి బస్సులు కట్ట మీదుగా పోతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. ఆ బస్సులో ఎక్కలేని బిడ్డను గూర్చి మా ఆలోచన.

కలుపుకొనే చిన్నబడి అంటే ఏమిటో చదువరులలో చాలామందికి తెలియకపోవచ్చు గనుక, ఇటువంటి గదులలో మేము కూర్చొని గమనించినది కొంత వివరముగా వ్రాస్తాము.

పదిహేనుమంది పిల్లలుంటే వారిలో ఇద్దరు ముగ్గురు ప్రత్యేక అవసరములుగలవారు. వారికి వేరే గది లేదు, వేరే చాప లేదు. ఒక టీచరు, ఒక ఆయా, మొదటి వారములలో బిడ్డ తల్లి కూడా కూర్చొంటుంది. గోడ మీద పిల్లలకు అందే ఎత్తున వరుసగా బొమ్మలు అంటించి ఉంటాయి. చెప్పులు విడిచే బొమ్మ, పాట బొమ్మ, ఆట బొమ్మ, అన్నము బొమ్మ, ఇంటికి పోయే బొమ్మ. ఒక పని కాగానే ఆ బొమ్మను తిప్పి పెడతారు. తరువాత ఏమి జరుగుతుందో తెలియక కేకలు వేసే బిడ్డకు ఈ వరుస ఎంతో నెమ్మదినిస్తుంది. చిత్రమేమంటే, ఏ లోపమూ లేని పిల్లలు కూడా దానిని చూసే చెప్పులు వరుసలో పెట్టడము నేర్చుకొంటారు.

నడుము నిలవని బిడ్డకు మూల ఆకారములో చెక్క కుర్చీ ఉంటుంది. దానిని ఊరి వడ్రంగి చేయగలడు. వ్రేళ్లు బిగుసుకొన్న బిడ్డ పట్టుకొనేందుకు రంగు పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేస్తారు. కంచము జారకుండా క్రింద తడిగుడ్డ పరుస్తారు. చప్పుడు భరించలేక చెవులు మూసుకొనే బిడ్డకు ఒక మూల తెర కట్టి ఉంటుంది. అది శిక్ష మూల కాదు. వాడు తానే వెళ్ళి కొంతసేపు ఉండి, తానే తిరిగి వస్తాడు. వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు.

మాకు ఎక్కువ నచ్చినది అరటిపండు పాఠము. మాట రాని బిడ్డకు మూత బిగించిన పారదర్శకపు డబ్బాలో పండు ముక్క పెట్టి ముందు ఉంచుతారు. పండు కనబడుతుంది, చేతికి రాదు. బిడ్డ టీచరు వైపు చూడాలి, లేక చేయి చాపాలి, లేక “ప” అనాలి. ఏది చేసినా వెంటనే మూత తీసి, “పండు” అని స్పష్టముగా పలికి ఇస్తారు. అడిగిన తరువాత టీచరు మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఊరకుంటుంది. ఆ ఊరకుండడమే అన్నిటికన్నా కష్టమైన పని. ఇంటిలో మనము బిడ్డ నోరు తెరవకముందే అన్నీ అందిస్తాము. ప్రేమతోనే అందిస్తాము. దానితో బిడ్డకు అడిగే అవసరమే లేకుండా పోతుంది.

తక్కిన పిల్లల తండ్రులు మొదట అభ్యంతరము చెప్పడము సహజము. మా పిల్లలు వానిని చూసి అవే చేష్టలు నేర్చుకొంటారేమోనని అంటారు. 1981లో ఢిల్లీలో ఉమా తులిగారు ఆరంభించిన అమర్‌జ్యోతి సంస్థ బడిలో వికలాంగులను, ఇతరులను సమాన సంఖ్యలో కూర్చోబెట్టారు. ఆ బడి నేటికీ నడుస్తున్నది. 1994లో స్పెయిన్ దేశములోని సలమాంకా పట్టణములో 92 ప్రభుత్వముల ప్రతినిధులు కూడి, అందరినీ ఒకే బడిలో చేర్చుకోవాలని ప్రకటన చేశారు. అయితే ఒకే చాప మీద కూర్చోబెట్టినంత మాత్రాన చేర్చుకొన్నట్లు కాదని మా అభిప్రాయము. సహాయము లేకుండా గదిలో ఒక మూల కూర్చొన్న బిడ్డ ఇంటిలో ఉన్న బిడ్డకన్నా ఒంటరి. తీవ్రమైన లోపముగల కొందరికి దినములో కొంతసేపు విడిగా వ్యాయామము, మాటల శిక్షణ తప్పవు. ఆ కొంతసేపు పోగా మిగిలిన వేళ అందరితో ఉండాలి.

విడిగా ఇచ్చే ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? ఈ దారివారికి పేరున్న చోటు సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్‌నగర్. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా అక్కడ మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ పేరు ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థ. పేరు పలకడము కష్టమైనా మార్పు మంచిదే. 2021 జూన్ 17న దేశములో ఒకేసారి ప్రారంభించిన 14 సత్వర సహాయ కేంద్రములలో ఒకటి ఇక్కడ ఉన్నది. ఆరేండ్ల లోపు పిల్లలకు ఏ రకమైన వైకల్యమున్నా ఒకే చోట పరీక్ష, శిక్షణ ఇవ్వడము దాని ఉద్దేశము. చేవెళ్ల తల్లి అక్కడికి చేరాలంటే మెహదీపట్నములో ఒకసారి, సికింద్రాబాదులో ఒకసారి బస్సు మారాలి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్టీసీ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేదు గనుక ఛార్జీ భారము తగ్గింది. ఆ దినపు కూలి మాత్రము పోతుంది. వారమునకు రెండుసార్లు ఏ కూలి తల్లి పోగలదు?

ఈ చిక్కు మనకే కాదు. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రములో పోర్టేజ్ అనే పట్టణము చుట్టూ ఉన్న పల్లెలలో ఇదే ఇబ్బంది వచ్చింది. పిల్లలు దూర దూరముగా ఉన్నారు, అందరినీ ఒక బడికి తేవడము సాధ్యము కాలేదు. అప్పుడు టీచరే వారమునకొకసారి ఇంటికి వెళ్ళింది. గంటన్నర కూర్చొని రెండు మూడు చిన్న పనులు తల్లికి చేసి చూపింది. తల్లి వారమంతా అవే చేయించి, కాగితము మీద గుర్తు పెట్టింది. ఆ పద్ధతి ఆ పట్టణము పేరుతోనే ఎన్నో దేశములకు వ్యాపించింది. గండిపేట చుట్టుప్రక్కల ఒక సంస్థ పని చేయదలచుకొంటే బడి ఒకటి, ఇండ్లకు వెళ్ళే టీచరు ఒకరు, రెండూ ఉండాలని ఈ దారి చూసిన తరువాత మాకు తోచింది. గట్టు మీది బడి ఒక్కటే అయితే లోపలి పల్లెల పిల్లలు మళ్ళీ మిగిలిపోతారు.

మన సండే స్కూళ్ల సంగతి కూడా ఒక మాట. ఇటువంటి బిడ్డ పుట్టిన ఇంటిని చూసి ఎవరి పాపమోనని గుసగుసలాడేవారు సంఘములలో నేటికీ ఉన్నారు. శిష్యులు అడిగిన ఆ ప్రశ్నకు యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములోనే జవాబున్నది గనుక మేము వేరే చెప్పము. అదే సండే స్కూలులో ఆదివారము గంటసేపు ఆ బిడ్డ ముందు వరుసలో కూర్చొంటే, బొమ్మల వరుస ఒకటి గోడ మీద ఉంటే, తల్లికి ఆ గంట కొంత విశ్రాంతి.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన కాగితములు రెండున్నాయి. ఒకటి వైకల్య ధ్రువపత్రము, దానితో వచ్చే దేశవ్యాప్త గుర్తింపు కార్డు. 40 శాతము ఉన్నట్లు డాక్టర్లు వ్రాస్తేనే పింఛను మొదలైనవి వస్తాయి. తెలంగాణలో ఆ పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. రెండవది నిరామయ ఆరోగ్య బీమా. 1999 నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు గలవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. చికిత్సతో పాటు మాటల శిక్షణ, వ్యాయామ శిక్షణ ఖర్చులకు కూడా అందులో కొంత ఉన్నది.

వీటన్నిటికన్నా ముందు, వైద్య బృందము మళ్ళీ ఎప్పుడు వస్తుందో అంగన్‌వాడీ టీచరును అడిగి ఉంచుకోవాలి. ఆ దినము పొలము పని ఉన్నా సరే బిడ్డను తీసుకొని వెళ్ళాలి. వీలైతే నాయనమ్మను కూడా వెంట తీసుకొని పోవాలి. ఇంటిలో ఆఖరి మాట చాలాసార్లు ఆమెదే గనుక, డాక్టరు చెప్పేది ఆమె చెవినే పడడము మంచిది.