పిక్క లావు చూసి అంటు కొనకండి

సూరత్ మగ్గాల మీద ఏళ్లకేళ్లు పనిచేసి ఉద్దానం తిరిగొచ్చే మా కుర్రాళ్లు నా నర్సరీలో అడుగుపెట్టగానే అడిగేది ఒకటే: "బాబాయ్, లావు పిక్క కాసే జీడి అంటు ఇవ్వు." 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పడగొట్టిన తోటల్లో మళ్లీ నాటాలి కదా, ఆ ఆత్రం నాకు తెలుసు. అయినా ముందు కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబుతాను.

లావు చూసి ఏం లాభం? పలాస వ్యాపారి పిక్క కోసి చూస్తాడు. లోపల పప్పు ఎంతుందన్న దాన్ని బట్టే ధర. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్ల బీపీపీ-8 రకం పిక్క 8 గ్రాములు దాటుతుంది, పప్పు 29 శాతం. అంటే 80 కేజీల బస్తాకు 23 కేజీల పప్పు. గుండు, అంటే విరగని పప్పు, 210 గ్రేడు, పౌనుకు 210 గుండ్లన్నమాట. గుండుకే ఖరీదు, సూరత్ కాజూ కత్లీకి బద్దలైనా సరిపోతాయి. వెంగుర్ల-7 పిక్క 10 గ్రాములు, చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ అది కొంకణంలో పుట్టిన రకం. మనకు బాపట్ల రకమే ముందు.

"మంచి చెట్టు పిక్క పాతితే రాదా?" అంటారు. రాదు. జీడిలో పుప్పొడి చెట్టు నుంచి చెట్టుకు పోతుంది, పిల్ల తల్లిలా ఉండదు. మా పక్క రైతు ఊరంతా మెచ్చిన చెట్టు పిక్కలే ఏరి నాటాడు. తోటలో ఏ రెండు చెట్లూ ఒక్కలా కాయలేదు. అందుకే అంటు కట్టాలి.

అంటు కట్టడం నాకు బాపట్లలో పని నేర్చుకొచ్చిన ఓ పెద్దాయన నేర్పాడు. నీళ్లలో మునిగిన పిక్కలే నారుకు వేయాలి, తేలినవి పారేయాలి. మంచి రకం చెట్టులో పెన్సిలంత కొమ్మ ఎంచి, వారం పది రోజుల ముందే కాడలు ఉంచి ఆకులు కత్తిరించాలి, మొగ్గ ఉబ్బుతుంది. తర్వాతే కోసి, నారుమొక్క చీలికలో దించి, పాలిథిన్ పట్టీ బిగించి, పైన పాలిథిన్ టోపీ తొడగాలి. చాకు మొద్దుబారితే అంటు పోయినట్టే. నా మొదటి టోపీ కింద రాగిరంగు చివుళ్లు కనబడిన రోజు ఆయన తన చాకు నాకిచ్చేశాడు.

వానలకు నాటండి, అంటు అతుకు నేలకు పైనే ఉండాలి. అతుకు కింద చిగురు వేస్తే గిల్లేయండి, అది నారుమొక్కది. మొదటి రెండేళ్లు పూత తుంచేయండి. తుంచడానికి చేతులు రావంటే మాత్రం నా దగ్గర అంటు కొనకండి.