బేరగాడి చెయ్యీ, స్కానింగు మిషనూ



మొన్న మా శ్రీకూర్మం వచ్చిన ఒక బేరగాడు మా మేకపోతు నడుం మీద చెయ్యేసి నొక్కి, "ఏటుంది మావా దీనికి, పది కిలోలు తెగితే గొప్ప" అన్నాడు. ఇచ్చేశాను. కోసినచోట పదమూడు తెగిందంట. మూడు కిలోలు ఊరికే పోయాయి. వాడి చేతికి తెలిసింది, రెండేళ్లు మేపిన నాకు తెలీలేదు.

ఈ నొక్కుడు పనికి మిషనుంది, తెలుసా? గేదె చూడి కట్టిందో లేదో చూసే స్కానింగు లాంటిదే. బ్రెజిల్‌లో దాంతో బతికున్న పశువులో మాంసం కొలుస్తారు. ఆ పశువులు ఎవరివనుకున్నారు? మన ఒంగోలు జాతివే. అక్కడ నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. 1960ల్లో ఒంగోలు దగ్గర కరవది ఆబోతు ఒకటి అక్కడికెళ్లి, ఊరి పేరుతోనే పేరు తెచ్చుకుంది.

పశువుని ఇరుకు చట్రంలో నిలబెట్టి, వెంట్రుకలు కత్తిరించి, వంటనూనె రాసి, 12, 13 పక్కటెముకల మధ్య మిషను ఆనిస్తారు. శబ్దం లోపలికెళ్లి, కొవ్వూ కండా కలిసేచోట తగిలి వెనక్కొస్తే తెర మీద బొమ్మ పడుతుంది. వెన్నుపక్క కండ ఎన్ని చదరపు సెంటీమీటర్లో, దానిమీద కొవ్వు ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తారు. ఆ కొవ్వు మరీ పల్చనైతే, కోసాక చల్లగదిలో మాంసం తొందరగా చల్లారి బిగుసుకుపోతుంది. కండలోపలి కొవ్వు చారలూ చూస్తారు.

ఇదివరకు ఆబోతు విలువ తెలియాలంటే దాని దూడల్ని పెంచి, కోసి చూడాలి. ఇప్పుడు ఏడాదిన్నర వయసులోనే చూసుకుని, మంచిదాన్ని విత్తనానికి ఉంచుకుంటారు. చంపకుండానే తెలుస్తుంది.

మన రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం 1977 నుంచే ఉంది. నేను ఆవుల కోసం ఇది రాయట్లేదు. మేకలు, గొర్రెల మాటేంటి? ఆస్ట్రేలియాలో గొర్రెల్నీ ఇలాగే స్కాన్ చేసి పొట్టేళ్లని ఎంచుతారు. మనం చేసేదేటి? ఏ పోతుకి కండ బాగా పట్టిందో అదే ముందు సంతకి పోతుంది. మిగిలిపోయిందే మందకి విత్తనం. మంద ఏటేటా చిన్నదవుతోందంటే అవదా మరి!

ఆ మిషను మన ఊళ్లకి ఎప్పుడొస్తాదో. అందాకా ఒక వేలాడే కాటా కొనుక్కోండి. బతికున్న బరువులో సగానికి కాస్త తక్కువ మాంసం తెగుతుందని లెక్కేసుకోండి. బాగా పెరిగినదాన్ని ఒక్కదాన్నైనా అమ్మకుండా మందలో ఉంచుకోండి.

నేను కాటా కొన్నాను. ఈసారి "మావా" అంటూ వచ్చినోడికి ముందు ముల్లు చూపిస్తాను, తరవాతే పోతుని ముట్టుకోనిస్తాను.